కొవ్వూరు దాటాక

రావులపాలెంలో అరటి మార్కెట్టుకి ఎదురుగా
గెలల లారీలు వెనక్కి తిప్పుకునే చోట
ఒక షట్టరు సగమే ఎత్తి ఉంటుంది.
గౌతమీ ట్రావెల్స్.
బోర్డు మీద 'గౌ' ఎప్పుడో రాలిపోయింది.
తమీ, తమీ అని నవ్వుకుంటూ పోతారు కాలేజీ పిల్లలు.

లోపల దొమ్మేటి వీరవెంకటం గారు.
ఒకప్పుడు తత్కాల్ వేళకి
ఆ గుమ్మం ముందు చెప్పులు గుట్టలు పడేవి.
ఇప్పుడు కౌంటరు మీద జెరాక్సు మిషను,
ఫోను అద్దాలకి అతికించే పొరలు,
కాశీయాత్ర బస్సు బొమ్మకి ఆనించి కొరియరు సంచులు.
"ఊరంతా ఏజెంట్లేనండి ఇప్పుడు.
ఆయ్. ఎవరికి వాళ్లే."

నేనూ అంతే.
అక్క గొంతులో గడ్డ అన్నారు కాకినాడలో,
రాయవెల్లూరు తీసుకెళ్లమన్నారు.
మంచం దిగకుండా చేసేశాను అన్నీ:
రాజమండ్రిలో రైలు, కాట్పాడిలో ఆటో,
ఆసుపత్రికి నడిచిపోయేంత దూరంలో గది,
నాలుగు చుక్కలది, మూడొందలు తగ్గింపుతో.
పది నిమిషాలు.
ఎవరికీ ఒక టీ కూడా బాకీ పడలేదు.

తెల్లారేసరికి ఫోను ఆ కబురు మోసేసింది.
పులస పులుసు ఎలా పెట్టాలో చూద్దామని తెరిస్తే
విగ్గుల ప్రకటన.
మేనకోడలు నా భుజం మీంచి తొంగిచూసి
"ఇవన్నీ నీకెందుకొస్తున్నాయి మావయ్యా?" అంది.
దానికింకా చెప్పలేదు మేము.

వీరవెంకటం గారికీ తెలిసేవి.
ర్యాలి మేష్టారు ఎందుకెళ్లారో,
ఊబలంక నుంచి ఎవరి కోడలు మూడుసార్లు వెళ్లిందో,
నాలుగోసారి ఒక్క టికెట్టే ఎందుకు తీశారో.
తల ఎత్తకుండా ఒకటే అడిగేవారట:
"మనిషి మెట్లెక్కగలరా?"
జవాబు ఆ షట్టరు కిందే ఉండిపోయేది.
ఎదురుగా ఉన్న మార్కెట్టుదాకా కూడా రాలేదు ఎప్పుడూ.

నాలుగు చుక్కల గది మూడో అంతస్తులో ఉంది.
లిఫ్టుకి తాడు కట్టి ఉంది.
అక్క మొదటి మెట్టు మీదే కూర్చుంది,
సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు.
రాత్రి కాపలా ముసలాయన నా ఆధార్ కార్డు దీపానికి పట్టి
వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కూడబలుక్కున్నాడు:
"రావులపాలెం... వెంకటం సార్ మనుషులా?"

అవునన్నాను.

ఆ అబద్ధానికి కింది గది వచ్చింది.
అద్దె పొయ్యి వచ్చింది, జావకి నూకలు వచ్చాయి,
ఏ కిటికీ దగ్గర వరస తొందరగా కదులుతుందో తెలిసింది.
"సార్ బాగున్నారా?" అని రోజూ అడిగేవాడు.
బాగున్నారు, అని రోజూ చెప్పేవాణ్ణి.

పదకొండో రోజు డాక్టరు
మళ్లీ తీసుకురానక్కర్లేదన్నాడు.
ఆ మాటకి రెండర్థాలు.
అక్క మంచిదాన్ని తీసుకుంది.
రెండోది నేను జేబులో పెట్టుకున్నాను.

వచ్చాక రెండొందలు మడిచి కౌంటరు మీద పెట్టాను.
"దేనికండి?"
చెప్పాను, నా అబద్ధం సంగతి.
ఆయన నవ్వలేదు.
ఫోను పొరల కట్ట పక్కకి జరిపి
పొడుగాటి లెక్కల పుస్తకం తీశారు.
పేరు, బండి, బెర్తు. కమిషను గడిలో అడ్డగీత.
రాయవెల్లూరు తిరుగు ప్రయాణం ప్రతిదానికీ
పక్కన ఎర్రసిరాతో ఒకటే ముక్క.

"టికెట్టు వెనకాల కూడా రాసిచ్చేవాణ్ణండి,
కొవ్వూరు దాటాక మనిషిని లేపండి అని.
ఏ రాత్రయినా సరే, ఎంత నీరసంగా ఉన్నా సరే.
గోదారి చూసి ఇంటికెళ్తారు కదా అని."

నోట్లు నా వైపు తోశారు.

"లేపారా?"

బయట లారీ వాడు హారను కొడుతున్నాడు.

ఆ తెల్లవారుజామున వంతెన మీద
అక్క కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది.
నేను ఎదురు బెర్తు మీద మేలుకునే ఉన్నాను,
రైలు ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో చూస్తూ.
నీలంచుక్క
నదిని దాటింది.